ఎడమ చక్రం బ్రేకు

చిట్యాల దగ్గర పెద్దరోడ్డు దిగి, పత్తిచేన్ల నడుమ మట్టిబాట పట్టి పోతే వచ్చే ఊరిలో లింగస్వామిని ఎరుగనివారు లేరు. ప్రభుత్వ బస్సు నడిపి ఉద్యోగ విరమణ చేసిన మనిషి. ఆయన నడిపే బస్సులో చేతిలోని చాయ గ్లాసు తొణకదని ఊరివారు చెప్పుకునేవారు. బండి తనదైనా సర్కారుదైనా, పొద్దున దాని చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లను కాలితో తట్టి, బ్రేకు తొక్కి చూసుకొని గాని కదిలేవాడు కాదు.

అటువంటి మనిషి, ఆ ఎండాకాలం భార్య అండాలు నల్లగొండ దవాఖానలో కన్నుమూసినప్పటి నుండి ఏ పనికీ తనంత తానుగా చేయి చాపడం మానుకున్నాడు. దుఃఖంలో ఉన్నాడని చూచినవారు అనుకున్నారు. అది సరియైన మాట కాదు. దుఃఖమే అయితే ఆయనకు తెలిసి ఉండేది. దినాలు జరిగినప్పుడు బంధువులందరూ ఏడ్చారు. బిడ్డ ప్రణీత మహబూబ్‌నగర్ నుండి వచ్చి, తల్లి చీరలు ఒళ్లో పెట్టుకొని ఏడ్చింది. ఆయన మాత్రం వచ్చినవారికి కుర్చీలు వేయించాడు, మంచినీళ్లు అందినవో లేదో విచారించాడు. తనకూ ఏడుపు వస్తుందని ఎదురు చూచాడు. రాలేదు. బావినీళ్లలో మునిగి ఉన్నవానికి గట్టు మీది మాటలు వినిపించినట్లు, జరిగినదంతా ఎక్కడో పైన జరుగుతున్నట్లే ఉండేది.

అండాలును చివరిసారి దవాఖానకు తీసుకొనిపోయినది తమ పాత తెల్ల కారులోనే. తిరుగు దారిలో ఆమె అంబులెన్సులో వచ్చింది. వెనుక కారు ఖాళీగా వచ్చింది. ఆ దినం దానిని రేకుల షెడ్డు కింద నిలిపి దిగినవాడు మళ్లీ దాని తలుపు తీయలేదు. వానాకాలమంతా కారు అక్కడే నానింది. దాని కింద కోడిపెట్ట గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలను కూడా తిప్పుకుంటున్నది.

ఇంట్లో ఆయనకు తోడు అక్క సోమమ్మ. ఆలేరులో మెట్టినది, భర్త పోయినది, పిల్లలు లేనిది. రెండు కిడ్నీలు పని చేయడం మానిన తరువాత, డయాలసిస్ చేయించుకోవడానికి నల్లగొండ దగ్గరని తమ్ముని ఇంటికి వచ్చి చేరింది. అండాలు ఉన్నన్నాళ్లు ఆమెను వెంటబెట్టుకొని దవాఖానకు తిప్పినది అండాలే. అండాలు పోయిన తరువాత సోమమ్మ ఒక్కతే మారయ్య ఆటోలో పోయి వస్తున్నది. లింగస్వామి ఆమెను ఆటోలో కూర్చోబెట్టి, సంచి చేతికిచ్చి, ఇంట్లోకి వచ్చేవాడు.

బతుకమ్మ ఆడే దినాలలో ఒకనాడు, తిరుగు ప్రయాణంలో సోమమ్మ ఆటోలోనే సొమ్మసిల్లింది. మారయ్య ఆమె మొఖం మీద నీళ్లు చల్లి, ఎట్లాగో ఇంటికి చేర్చాడు. మరునాడు వచ్చి గడపకు ఇవతలే నిలబడ్డాడు.

“లింగన్నా, నువ్వేమన్న అనుకోగాని, ఇగ నాతోని గాదు. అక్కకు తొవ్వల ఏమన్న అయితే నన్నే అంటరు.”

“ఎవలంటరు?”

“ఊరంత అంటది. నేను హ్యాండిలు పట్టుకోవాల్నా, అక్కను పట్టుకోవాల్నా? ఇంటోళ్లు ఒకరు వెంట ఉంటే ఎన్నిసార్లన్న తోల్కపోత. నువ్వు రారాదే?”

లోపలి మంచం మీది నుండి సోమమ్మ అందుకున్నది. “మా తమ్ముడు ఆడ అడుగు పెట్టడు తియ్ మారయ్యా. దవాఖాన గేటు కాడికి పోంగనే ఆయన కాళ్లకు బ్రేకులు పడ్తయి.”

ఎగతాళిగా అన్నా అది నిజం. లింగస్వామి, “కారు తీస్త. నేనే తోల్కపోత,” అన్నాడు.

మారయ్య షెడ్డు వైపు చూచాడు. “తీయి. కోడిపెట్టను గూడ ఒక మాట అడుగు.”

కారు తీస్తానని లింగస్వామి ఎందుకన్నాడో సోమమ్మకు తెలుసు, ఆయనకూ తెలుసు. కారులోనైతే ఆయన డ్రైవరు. డ్రైవరు బండి దిగి లోపలికి పోనక్కరలేదు. అక్కను గేటు ముందు దించి, స్టీరింగు ముందు కూర్చుండి ఉండవచ్చు. ఆటోలోనైతే వెంట వచ్చినవాడు ఆమె రెక్క పట్టుకొని, ఆ పొడుగు వరండా నడిచి, అండాలు ప్రాణం విడిచిన గది పక్కగా వార్డు దాకా పోవలసి ఉంటుంది.

ఈ నడుమ సోమమ్మకు ఒక డయాలసిస్ వంతు తప్పిపోయింది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం మానినవి. పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు ఆనుకొని కూర్చునే కునుకు తీస్తున్నది. దసరా మరునాటి వంతు కూడా తప్పితే ప్రాణానికి పూచీ లేదని వార్డువారు ఫోనులో స్పష్టంగా చెప్పారు.

మహర్నవమి పొద్దున లింగస్వామి షెడ్డులోకి పోయాడు. చార్జింగు చేయించి తెచ్చిన బ్యాటరీతో ఇంజను పలికింది గాని, కారు కదలలేదు. ముందు చక్రాలు రెండూ బిగుసుకొని ఉన్నవి. చక్రంతో పాటు తిరిగే ఇనుప బిళ్లను రెండు దిక్కుల నుండి దవడల వలె పట్టి ఆపే భాగాన్ని క్యాలిపర్ అంటారు. దాని లోపలి పిస్టను వాననెమ్ముకు తుప్పుపట్టి, నాడు ఆయన చివరగా తొక్కిన బ్రేకును అట్లే పట్టుకొని ఉండిపోయింది. చిట్యాలలో ఎరిగిన మెకానిక్ పండుగకు ఊరికి పోయినాడు. విడిభాగాల దుకాణం మాత్రం మూయబోతూ ఉండగా దొరికింది. రెండు కొత్త క్యాలిపర్లు, వాటిలో ఉండి బిళ్లను అదిమే కొత్త ప్యాడ్లు, బ్రేకు ఆయిలు డబ్బా తెచ్చుకున్నాడు.

వెనుక చక్రాలకు బండరాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, ఇరుసు కింద చెక్క దిమ్మ దూర్చాడు. కుడి చక్రం ఊడదీసి, పాత క్యాలిపర్ బోల్టులకు కిరసనాయిలు పోసి నానబెట్టి, సుత్తితో మెల్లగా తట్టి వదిలించాడు. చేతులకు పని గుర్తున్నది. మనసు ఆ చేతులను దూరం నుండి చూస్తున్నది. కుడి వైపు మధ్యాహ్నానికి పూర్తయింది. ఎడమ వైపు పాతది విప్పి, కొత్తది బిగించబోయే వేళకు, ఆయిలు గొట్టం దగ్గర పెట్టే రాగి వాషరు చేయి జారి బురదలో పడిపోయింది. ఎంత వెదికినా దొరకలేదు. కారును అట్లే జాకీ మీద వదిలి, వాషరు కొరకు మళ్లీ చిట్యాలకు పోయాడు.

తిరిగి వచ్చేసరికి షెడ్డు ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు వేసి ఉన్నది. కారు అద్దానికి పసుపు, బానెటు మీద కుంకుమ, ముందు కొట్టిన కొబ్బరికాయ. పానాలు, సుత్తి, జాకీ కడ్డీ ఒక్కటీ లేవు.

“అక్కా, మనకు సంవత్సరం దాక పండుగ లేదు గదా.”

“మీకు లేదు. నా ఇంటి పేరు వేరు. మీ సూతకం నాకేడ తాకుతది?” సోమమ్మ ఆయాసపడుతూనే కొంగు దులుపుకున్నది. “బండి ఎక్కేది నేను. ఆయుధపూజ చేసుకున్నది నేను. నువ్వు నడుమ మాట్లాడకు.”

“పానాలేవి?”

“దేవుని కాడ ఉన్నయి. కడిగి, నూనె రాసి, బొట్టు పెట్టిన. రేపు జమ్మి ఆకు ఇంటికొచ్చేదాక ముట్టేది లేదు.”

మునుపటి లింగస్వామి అయితే ఈ మాటకు ఇల్లు ఎగిరిపోయేటట్లు అరిచేవాడు. పని నడుమ పానా ఎత్తుకపోయిన క్లీనరును ఒకప్పుడు బస్టాండంతా తరిమినవాడు. ఇప్పుడు “సరే” అని, కాళ్లు కడుక్కొని, పెట్టినది తిన్నాడు.

దసరా నాడు పగలంతా అరుగు మీద కూర్చున్నాడు. ఊరివారు కొత్త బట్టలతో జమ్మికి పోయినారు, వచ్చినారు. మునిమాపున పొరుగింటివారు సోమమ్మ చేతిలో జమ్మి ఆకు పెట్టి, బంగారమని కాళ్లు మొక్కిన తరువాత, ఆమె పళ్లెంతో సహా పానాలు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“ఇగ ముట్టుకో.”

వెలుతురు తగ్గుతున్నది. ఊడదీసిన ఎడమ చక్రం జాగాలో ఇనుప బిళ్ల తళతళ మెరుస్తున్నది. దాని నడిమి గుబ్బ మీద చిన్న కుంకుమ బొట్టు. దాని వలన నష్టం లేదని లింగస్వామి ఊరకున్నాడు. ప్యాడ్లు ఎక్కించే ముందు బిళ్లను పెట్రోలు గుడ్డతో తుడవడం ఆయనకు చిన్ననాట ఉస్తాదు నేర్పిన మొదటి పాఠం. ఆ దినం తుడవలేదు. మరిచి కాదు. తుడవాలని తోచింది. తోచిన పని చేయడానికి, చేయకపోవడానికి భేదం ఉన్నట్లు అనిపించలేదు.

కొత్త క్యాలిపర్ బిగించిన తరువాత గొట్టంలోని గాలి తీయాలి. ఒకరు లోపల కూర్చుండి బ్రేకు తొక్కి పట్టుకుంటే, ఒకరు చక్రం దగ్గర నిప్పిలు అనే చిన్న మరను వదులు చేయాలి. సోమమ్మ ఉబ్బిన కాళ్లతో డ్రైవరు సీటులోకి ఎక్కింది.

“తొక్కు.”

“తొక్కిన.”

“పట్టుకో. నేను చెప్పేదాక వదలకు.”

“గిదేనారా డ్రైవరు కొలువు? కూసోని తొక్కుడే గదా. దీనికేనా సర్కారు నీకు పింఛను ఇస్తాంది?”

“వదులు. మల్ల తొక్కు.”

“కాలు వణుకుతాంది తమ్మీ. అండాలు ఉంటే దానితోని తొక్కించెటోనివి. ఎడమ కాలు పెట్టిందని దాన్నే నాలుగు తిట్టెటోనివి గూడ.”

ఆ పేరు వచ్చి ఆయన మీదుగా పోయింది. ఆయన వంగి, నిప్పిలు నుండి ఆయిలు దిగే సీసాలో బుడగలు ఆగినవా లేదా అని చూచాడు. ఆగినవి. “అయింది, దిగు,” అన్నాడు.

మరునాడు తెల్లవారుతుండగానే సోమమ్మ స్నానం చేసి, సంచి సర్దుకొని అరుగు మీద కూర్చున్నది. లింగస్వామి ఆమెను ఎక్కించుకోకముందే ఒక్కడే బండి బయటికి తీశాడు. కాలి కింద బ్రేకు గట్టిగానే ఉన్నది. ఊరు దాటి, చేన్ల నడుమ బాటలో కొంత వేగం అందుకొని, తొక్కాడు.

కారు నిలువలేదు. ముక్కుతాడు ఒక దిక్కు గుంజిన ఎద్దు వలె కుడికి తిరిగింది. ఆయన చేతులు స్టీరింగును తిప్పినవి, చేతిబ్రేకును లాగినవి. ముందు చక్రాలు గట్టు దిగి పత్తిచెట్లను తొక్కుకుంటూ పోయి ఆగినవి. విచ్చిన పత్తి ఒకటి అద్దానికి అంటుకున్నది, ఇంకొకటి కిటికీలో నుండి వచ్చి ఆయన మొఖానికి తగిలింది. ఇంజను ఆగిపోయిన తరువాత ఆయన గుండె మీద చేయి పెట్టి చూచుకున్నాడు. అది ఎప్పటి వలెనే కొట్టుకుంటున్నది.

మొదటి గేరులో, చేతిబ్రేకు పట్టుకొని ఇంటికి వచ్చి ఎడమ చక్రం ఊడదీశాడు. బిళ్లను వేలితో రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దీపం నూనె. పూజ నాడు సోమమ్మ పానాలతో పాటు బిళ్లను కూడా కడిగి, తుప్పు పట్టగూడదని, కొడవలికి రాసినంత శ్రద్ధగా రెండు వైపులా నూనె రాసింది. ప్రతి ఏడూ పూజ చేసిన అండాలుకు ఈ పొరపాటు జరిగే వీలు లేకపోయింది. ఆమె పూజించిన కారుకు ఎన్నడూ చక్రాలు ఊడి లేవు.

కోపం వస్తుందేమోనని ఆగాడు. రాలేదు. బిళ్లను పెట్రోలుతో తుడిచాడు. బిళ్ల శుభ్రమైంది గాని ప్యాడ్లు నూనె తాగి నల్లబడినవి. తాగిన ప్యాడ్లు ఎంత తుడిచినా బాగుకావు. కొత్తవి తేవడానికి దుకాణం ఎప్పుడు తెరుస్తారో తెలియదు. అరుగు మీద సోమమ్మ ఊపిరి ఇక్కడికి వినిపిస్తున్నది.

మెల్లగా పోవచ్చునని ఒక ఆలోచన వచ్చింది. కుడి చక్రం పట్టుతుంది, చేతిబ్రేకు ఉన్నది, చేతిలో ఇన్నేండ్ల పనితనం ఉన్నది. పెద్దరోడ్డు మీద లారీలు తప్పించుకుంటూ నెమ్మదిగా పోతే పోవచ్చు. గేటు ముందు దించి, కారులోనే ఉండవచ్చు. చక్రం బిగించి, తాళంచెవి చేతికి తీసుకొని అరుగు దాకా వచ్చాడు. సోమమ్మ ఏమీ అడగకుండా సంచి భుజానికి వేసుకొని, లేవడానికి చేయి చాపింది. ఆయన బస్సులో వెనుక సీట్లలో కూర్చుండి కళ్లు మూసుకొని నిద్రపోయినవారు ఎందరో. వారిలో ఒక్కరైనా ఆయనను బ్రేకు సంగతి అడగలేదు.

“జర కూసో అక్కా. మారయ్యను పిలుస్త,” అన్నాడు.

మారయ్య వేపపుల్ల నములుతూ తన వాకిట్లో నిలబడి ఉన్నాడు.

“వెంట ఎవలొస్తరు?”

“నేనొస్త.”

“గేటు దాకనా, లోపటికా? ముందుగాల్నే చెప్పు అన్నా. ఆడికి పోయినంక నాకు పంచాయితి వద్దు.”

“లోపటికే.”

మారయ్య పుల్ల ఉమ్మి, ఆటో తాళం తెచ్చుకున్నాడు.

పెద్దరోడ్డు ఎక్కిన తరువాత సోమమ్మ తమ్ముని భుజానికి ఆనుకొని కూర్చుండి అడిగింది. “బండికేమైంది?”

“ఏం కాలే. ఒక దిక్కు గుంజుతాంది.”

“నా కాడ దాయకు. మొఖం మీద పత్తి ఉన్నది.”

లింగస్వామి మొఖం తుడుచుకున్నాడు. “బిళ్లకు నూనె రాసినవు అక్కా. నూనె ఉంటే బ్రేకు పట్టది.”

ఆమె ఆనుకున్న తన భుజం అదరడం ఆయనకు తెలిసింది. ఏడుస్తున్నదేమోనని తిరిగి చూచాడు. ఆమె నవ్వుతున్నది. ఊపిరి చాలక, నవ్వు ముక్కలు ముక్కలుగా వస్తున్నది.

“చక్రం లేక అది బోడగ కూసున్నదిరా. పాపమనిపించి, తలకు రాసినట్టు బాగ రాసిన. యముడు వచ్చేదాక ఆగకుంట నేనే తొవ్వ సాఫ్ చేసుకున్ననన్నట్టు!”

ముందు నుండి మారయ్య అందుకున్నాడు. “అక్కా, నా ఆటోకు మాత్రం పూజ చెయ్యకే. నీకు దండం పెడ్త.”

“నీ ఆటోకు నూనె రాసినా ఒకటే, రాయకున్నా ఒకటే మారయ్యా. అదెప్పుడు ఆగిందని?”

లింగస్వామికి నవ్వు రాలేదు. కాని ఆమె తల జారకుండా తన చేయి ఆమె వెనుకగా పోయి పట్టుకొని ఉన్న సంగతి గమనించాడు.

దవాఖాన గేటు వచ్చింది. దిగాడు. అక్క రెక్క కింద చేయి వేశాడు. కాళ్లు నిజంగానే ఒక క్షణం నిలిచినవి. సోమమ్మ బరువు ఆయన మీద పడటంతో, నిలబడితే ఆమె పడుతుంది కనుక, నడిచాడు. వరండా పొడుగునా ఫినాయిలు వాసన. ఆ గది తలుపు తెరిచి ఉన్నది. అండాలు పడుకున్న మంచం మీద ఎవరో పెద్దామె కూర్చుండి బత్తాయి ఒలుస్తున్నది. ఆయన వైపు చూచి, మళ్లీ బత్తాయి వైపు చూచుకున్నది. అంతే. గోడలు కూలలేదు. ఆయన ఏడ్వలేదు.

వార్డులో సోమమ్మను మంచం మీదికి ఎక్కించి, ఎడమ చేతికి సూదులు పెట్టారు. గొట్టాలలో రక్తం యంత్రంలోకి పోయి వస్తుంటే ఆయన స్టూలు మీద కూర్చుండి దానిని చూచాడు. బ్రేకు గొట్టంలో ఆయిలు పారడం కూడా ఇంతేనని ఒక ఊహ వచ్చి పోయింది. మధ్యాహ్నానికి సోమమ్మ ఊపిరి తేరుకున్నది. వెల్లకిలా పడుకొని, చాలా దినాల తరువాత, నోరు తెరుచుకొని నిద్రపోయింది.

యంత్రం ఆపిన తరువాత త్రివేణి అనే నర్సు సూదులు తీస్తూ ఆయనను పిలిచింది.

“అంకుల్, అమ్మకు మీరేమైతరు?”

“తమ్ముణ్ని.”

“ఎప్పుడూ ఒక్కతే వస్తది. ఇటు రాండ్రి. గీ దూది మీద బొటనవేలు పెట్టి అదిమి పట్టుకోండ్రి. మరీ గట్టిగ కాదు. లోపట జివ్వుమని కొట్టుకుంటది, అది ఆగొద్దు. రక్తం బయటికి రావొద్దు.”

ఆయన బొటనవేలు పెట్టాడు. మొదట ఏమీ తెలియలేదు. ఒత్తిడి కొద్దిగా తగ్గించాడు. అప్పుడు తెలిసింది. పలుచని చర్మం కింద, ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు గేరు కడ్డీకి వచ్చే అదురు వంటిది, ఎడతెగకుండా వేలికి తగులుతున్నది. ఆయన వంగి, ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. పక్క మంచాల వారు లేచి పోతున్నారు. ఎవరో మారయ్య బయట హారను కొడుతున్నాడని చెప్పి పోయారు.

“ఇగ తీయొచ్చు అంకుల్, రక్తం ఆగింది,” అన్నది త్రివేణి.

ఆయన తీయలేదు.

“తమ్మీ, వదులురా,” సోమమ్మ కళ్లు తెరిచి చూచింది. “నేనేడికి పోత?”

లింగస్వామి వేలు తీశాడు. దూది మీద చిన్న ఎర్రని చుక్క, అంతకు మించి లేదు. దాని పక్కన మళ్లీ ఒకసారి వేలు ఆనించి చూచాడు. కొట్టుకుంటూనే ఉన్నది.

“నడువు,” అన్నాడు. సంచిని ఈసారి ఆమె చేతికియ్యక, తన భుజానికే వేసుకున్నాడు.